బరువు ఆగాలి, ఎత్తు పెరగాలి: 10–14 ఏళ్ళ పిల్లలున్న ఒడిశా సరిహద్దు తెలుగు ఇళ్ళకి ఒక మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ. ఈ పక్క తెలుగు ఇళ్ళలో పిల్లల ఒంటి గురించి రెండు మాటలు వినిపిస్తుంటాయి. మూడో తరగతి దాకా "ఏమీ తినట్లేదు, చిక్కిపోయాడు" అంటారు. ఆరో తరగతికి వచ్చేసరికి "ఇదేంటి, ఇలా ఊరిపోతున్నాడు" అంటారు. రెండు మాటలూ ఒకే మనిషి నోటి నుంచి రావడం కూడా మామూలే.

పది నుంచి పద్నాలుగేళ్ళ దాకా ఉన్న వయసుని తొలి కౌమారం అంటారు. ఈ వయసు పిల్లలకి డైటింగ్ పనికిరాదు. ఎముకలు సాగే కాలం, ఆడపిల్లలకి నెలసరి మొదలయ్యే కాలం, మగపిల్లలకి కండ పట్టే కాలం. తిండి తగ్గిస్తే ముందు దెబ్బతినేది ఇవే. చెయ్యాల్సిన పని ఏమిటంటే, బరువు పెరిగే వేగాన్ని ఆపి, ఎత్తు దాన్ని అందుకునేదాకా ఓపిక పట్టడం. ఇందుకోసం ఇల్లు మొత్తం మారాలి, ముఖ్యంగా బడి వదిలిన దగ్గర్నుంచి నిద్రపోయేదాకా ఉండే నాలుగైదు గంటలు.

1. అనుమానం వద్దు, కొలవండి

కళ్ళతో చూసి నిర్ణయించకండి. 2016–18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో 10–19 ఏళ్ళ పిల్లల్లో దాదాపు 24 శాతం మంది ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు. అధిక బరువు ఉన్నవాళ్ళు 5 శాతమే. కానీ అదే సర్వేలో పదిమందిలో ఒకరికి షుగరు హద్దు దాటే దారిలో ఉంది. అంటే బొద్దుగా కనిపించే బిడ్డ బాగానే ఉండొచ్చు, సన్నగా కనిపించే బిడ్డకి పొట్ట దగ్గర కొవ్వు చేరి ఉండొచ్చు.

మూడు వస్తువులు చాలు: దర్జీ టేపు, బరువు తూచే మిషను, ఒక అట్టపుస్తకం. చెప్పుల్లేకుండా మడమలు గోడకి ఆనించి నిలబెట్టండి. పుస్తకాన్ని తల మీద అడ్డంగా, గోడకి ఆనేలా పెట్టి పెన్సిలుతో గీత గీయండి. బరువు పొద్దున్నే, టిఫిను తినకముందు తూచండి. నడుము చుట్టుకొలత అడుగు పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి వదిలాక తియ్యాలి. పొట్ట లోపలికి లాగకుండా చూసుకోండి. లాగుతారు, అందరూ లాగుతారు.

ముందు నడుము లెక్క చూడండి. అది ఎత్తులో సగం కంటే తక్కువ ఉండాలి. 140 సెంటీమీటర్ల పిల్లకి నడుము 70 లోపు ఉంటే పర్వాలేదు. చార్టు చూసే పని లేదు కాబట్టి నాకు ఈ కొలత మీదే ఎక్కువ నమ్మకం.

తర్వాత బీఎంఐ. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఫోనులో పెద్దవాళ్ళ కాలిక్యులేటర్ తెరిచి, "23 వచ్చింది, నార్మలే" అనుకుంటారు. పిల్లల లెక్క వేరు, వయసుతో మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 చార్టు ప్రకారం పదేళ్ళ అబ్బాయికి 18.5 దాటితే అధిక బరువు, 21.4 దాటితే ఊబకాయం. పన్నెండేళ్ళకి అవి 19.9, 23.6. పద్నాలుగేళ్ళకి 21.8, 25.9. అమ్మాయిలకి పదేళ్ళప్పుడు 19.0, 22.6, పన్నెండుకి 20.8, 25.0, పద్నాలుగుకి 22.7, 27.3. పిల్లల డాక్టర్లు 2015లో వచ్చిన భారత పిల్లల వైద్యుల సంఘం చార్టు వాడుతుంటారు, అందులో గీతలు కాస్త వేరుగా ఉంటాయి. కంగారు పడకండి, ఏదో ఒక చార్టుకే కట్టుబడి ఉండండి.

బరువు నెలకోసారి, ఎత్తూ నడుమూ మూడు నెలలకోసారి చూస్తే చాలు. రోజూ మిషను ఎక్కించడం హింసే.

2. ఎత్తు మీకు చేసే సాయం

ఒక లెక్క చూడండి. పన్నెండేళ్ళ అబ్బాయి 146 సెంటీమీటర్లు, 50 కిలోలు. బీఎంఐ 23.5, అంటే ఊబకాయం గీతకి ఆనుకుని ఉన్నాడు. ఏడాదిలో 6 సెంటీమీటర్లు పెరిగి 152 అయ్యాడు, బరువు 50 దగ్గరే ఆగింది. ఇప్పుడు బీఎంఐ 21.6. పదమూడేళ్ళకి ఊబకాయం గీత 24.8, అధిక బరువు గీత 20.8. ఒక్క కిలో తగ్గకుండానే ప్రమాదం అంచు నుంచి చాలా దూరం వచ్చేశాడు. పోనీ రెండు కిలోలు పెరిగి 52 అయినా 22.5 దగ్గరే ఉంటాడు.

మగపిల్లలకి ఈ అవకాశం కాస్త ఎక్కువ కాలం ఉంటుంది, వాళ్ళ ఎత్తు జోరు సాధారణంగా పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు వస్తుంది. ఆడపిల్లలకి రెండేళ్ళు ముందే వచ్చి, ముందే తగ్గిపోతుంది. నెలసరి మొదలయ్యాక చాలామంది ఇంకో 5–7 సెంటీమీటర్లే పెరుగుతారు. అందుకే అమ్మాయి విషయంలో "పెద్దయ్యాక అదే తగ్గుతుందిలే" అని వదిలెయ్యకండి. తొమ్మిది, పదేళ్ళకే మొదలుపెట్టాలి. అయితే ఆ వయసులో తుంటి, తొడల దగ్గర కొంచెం కొవ్వు చేరడం ప్రకృతి ఏర్పాటే. దాన్ని చూసి ఊబకాయం అనుకోవద్దు, నడుము లెక్క చూసుకోండి.

3. నోరు కట్టుకోండి (పెద్దవాళ్ళు)

"మోటూ", "బొండాం", "గున్న ఏనుగు" లాంటివన్నీ ఈ రోజు నుంచి ఇంట్లో బంద్. ముద్దుగానే అంటామంటారు. పదకొండేళ్ళ పిల్లకి ముద్దుకీ వెక్కిరింతకీ తేడా తెలియదు. తెలిసినా నొప్పి తగ్గదు. అలా అనిపించుకున్న పిల్లలు ఆటకి రావడం మానేస్తారు, నలుగురిలో తక్కువ తిని గదిలో దాక్కుని ఎక్కువ తింటారు. పెళ్ళిళ్ళలో, ఇచ్ఛాపురం నుంచో విజయనగరం నుంచో చుట్టాలు వచ్చినప్పుడు ఎవరైనా ఆ మాట ఎత్తితే పిల్లల ముందే ఆపండి: "మామయ్యా, ఆ మాటొద్దు, వీడు ఇప్పుడు కబడ్డీ టీములో ఆడుతున్నాడు, అది అడుగు." కాస్త ముఖం మాడుతుంది. మాడనివ్వండి.

ఇంట్లో ఒకడికి వేరే కంచం, వేరే రూలు పెట్టకూడదు. తమ్ముడు చిప్స్ నములుతుంటే అన్న కీరా ముక్కలు తినాలనడం శిక్ష కిందే లెక్క. కొనకపోతే అందరికీ కొనకండి.

4. సాయంత్రం నాలుగింటి ఆకలి

అసలు చిక్కంతా ఇక్కడే. పిల్లలు మధ్యాహ్నం ఒంటిగంటకి తింటారు, నాలుగింటికి బడి వదులుతుంది, ఐదింటికి ట్యూషను. మధ్యలో చేతిలో పది రూపాయలు, ఎదురుగా గుప్‌చుప్ (పానీపూరీ) బండి, దాని పక్కన దహీబరా ఆలూదం, ఇంకో పక్కన చిప్స్ ప్యాకెట్లు తోరణాల్లా వేలాడే కొట్టు. బడి గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఆహార భద్రత సంస్థ 2020లోనే నియమం పెట్టింది. గేటు ముందు కాసేపు నిలబడి చూడండి, ఎంత అమలవుతోందో మీకే తెలుస్తుంది. పేరెంట్స్ మీటింగులో నలుగురు తల్లులు కలిసి అడిగితే హెడ్‌మాస్టరు కదులుతారు. ఒక్కరే అడిగితే కదలరు.

ఈలోగా చెయ్యాల్సింది, ఇంట్లో అడుగు పెట్టగానే నిజమైన తిండి సిద్ధంగా ఉంచడం. ఆ ఆకలి అబద్ధం కాదు, దాన్ని బిస్కెట్లతో మోసం చేస్తే ఎనిమిదింటికి రెట్టింపై వస్తుంది. ఉడికించిన గుడ్డు, గుగ్గిళ్ళు, జామకాయ, వేరుశనగలు పెట్టండి. ముఢీలో (మరమరాల్లో) ఉల్లిపాయ, టమాటా, నానబెట్టిన శనగలు, నాలుగు చుక్కల ఆవనూనె కలిపితే ఒడియా పిల్లలూ మన పిల్లలూ ఒకేలా లాగిస్తారు. బండి మీద దొరికేవాటిలో గుగుని మంచిదే, అది బఠాణీ కూర. పక్కన వేసే నూనె బరాలే (గారెలే) బరువు. బరా ఒకటి, గుగుని రెండు గరిటెలు అని బేరం పెట్టుకోండి.

చోడి (రాగి) అంబలిని మరిచిపోకండి. రాయగడ, కొరాపుట్ వైపు దాన్నే మాండియా పేజ్ అని తాగుతారు. చోడి గింజలో సున్నం (కాల్షియం) పుష్కలం, ఎముకలు సాగే ఈ వయసుకి కావాల్సిందే. మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయతో గ్లాసుడు ఇస్తే ట్యూషను అయ్యేదాకా ఆగుతారు. బెల్లం కలిపి పాయసంలా చేసి ఇస్తే లెక్క మారిపోతుంది.

గుప్‌చుప్ పూర్తిగా మానిపించలేరు, అక్కర్లేదు కూడా. వారానికోసారి, శనివారం, అందరూ కలిసి వెళ్ళి తినండి. దాచుకుని తినడం పోతుంది.

5. అన్నం మీద కోపం వద్దు

సన్నబడాలంటే అన్నం మానాలని ఎవరో చెప్పడం, రాత్రిపూట పిల్లాడికి రెండు చపాతీలు పెట్టడం, వాడు పదింటికి లేచి మిక్చరు డబ్బా ఖాళీ చెయ్యడం మామూలే. అన్నం ఉంచండి, కంచంలో దాని చోటు తగ్గించండి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కూడా రోజు మొత్తం తిండిలో సగం కూరగాయలూ పళ్ళూ ఉండాలనే.

పిల్లలు సగం కంచం కూర తింటారా? బెండకాయ వేపుడైతే తింటారు, కానీ అందులో నూనే ఎక్కువ. ఇక్కడ పక్కింటివాళ్ళ వంట మనకి పనికొస్తుంది. దాల్మా. కందిపప్పులోనో పెసరపప్పులోనో గుమ్మడి, పచ్చి అరటి, బొప్పాయి కాయ, వంకాయ, ములక్కాడ వేసి ఉడికించి, చివర పంచఫుటణ (ఐదు దినుసుల) పోపు పెడతారు. కూరగాయ, పప్పు ఒకే గిన్నెలో, నూనె ఒక్క చెంచా. మన పప్పులో ఒక కూరగాయ ఉంటే దాల్మాలో నాలుగు ఉంటాయి. ముందు కప్పు దాల్మా తిన్నాక అన్నం వడ్డిస్తే, రెండోసారి అడగడం చాలామట్టుకు తగ్గుతుంది.

వేసవిలో పఖాళ, మన చద్దన్నం, మానేయాల్సిన పనిలేదు. తేడా అంతా పక్కన పెట్టుకునేదానిలో ఉంటుంది. బడి చూరా (నలిపిన వేపుడు వడియాలు), వేయించిన బంగాళాదుంప, నూనెలో తేలిన అప్పడం కలిస్తే వేరే కథ. ఆకుకూర, కాల్చిన వంకాయ, చేపముక్క, పెరుగు ఉంటే మంచి భోజనం. బరంపురం అప్పడాలు ప్రసిద్ధే, వాటిని నిప్పు మీద కాల్చినా రుచి పోదు.

మూకుడులో మిగిలిన నూనె మళ్ళీ మళ్ళీ వాడకండి. నెలకి ఎంత నూనె కొంటున్నారో క్యాలెండరు మీద రాయండి. రాయడం మొదలెట్టాకే చాలా ఇళ్ళలో సీసాలు తగ్గుతాయి.

6. తాగే చక్కెర

ఇది చిన్న సంగతి, ఫలితం మాత్రం పెద్దది. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములు దాటి చక్కెర ఉంటుంది, అంటే దాదాపు ఏడు టీ చెంచాలు. మామిడి రసం పేరుతో వచ్చే డబ్బాలు కూడా దానికేం తీసిపోవు. పాలల్లో కలిపే పొడులూ అంతే. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటివాటిని "హెల్త్ డ్రింకుల" వరస నుంచి తీసెయ్యమని ఆన్‌లైన్ దుకాణాలకి చెప్పింది. మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరి నీళ్ళు, లేదా ఉత్త నీళ్ళు చాలు. ఈ ఒక్క మార్పు చేసి వేరే ఏదీ చెయ్యలేకపోయినా నేను సంతోషిస్తాను.

7. ఒళ్ళు కదలడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సిఫార్సు ప్రకారం 5–17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల కదలిక కావాలి. వారంలో కనీసం మూడు రోజులు అందులో గట్టిగా ఆయాసం వచ్చేవీ, కండకీ ఎముకకీ పని చెప్పేవీ ఉండాలి. అరవై నిమిషాలూ ఒకేసారి కానక్కర్లేదు.

లావుగా ఉన్న పిల్లాడిని పరుగుతో మొదలుపెట్టించకండి. గ్రౌండులో ఆఖరున వచ్చి, అందరూ నవ్వితే మర్నాడు కడుపునొప్పి అంటాడు. ఒంటి బరువు వరమయ్యే ఆటలతో మొదలుపెట్టండి: కబడ్డీలో పట్టు, తాడు లాగడం, గుండు విసరడం. ఈత దొరికితే అంతకంటే మంచిది లేదు, మోకాళ్ళ మీద భారం పడదు. వంశధార, నాగావళి, మహేంద్రతనయల్లో మాత్రం ఈత వచ్చిన పెద్దవాళ్ళు పక్కన లేకుండా దించొద్దు. వానాకాలంలో అసలొద్దు.

మొదటి రెండు వారాలు ఇరవై నిమిషాల నడక చాలు, ట్యూషనుకి బండి మీద దింపకుండా నడిపించండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వేగానికి అదే గుర్తు. మూడో వారం నుంచి ఆట కలపండి. నెల దాటాక వారానికి మూడు రోజులు గుంజీళ్ళు, గోడకి చేతులు ఆనించి చేసే దండాలు, తాడాట. గుంజీళ్ళని బడిలో శిక్షగా వేయించడం వల్ల వాటి పేరు పాడైంది కానీ కాళ్ళకి అంత మంచి కసరత్తు లేదు. కుమార పున్నమికి ఒడియా అమ్మాయిలు ఆడే పుచి చూశారా? గొంతుక్కూర్చుని ఒక్కో కాలూ ముందుకి చాస్తూ ఎగరడం. ఐదు నిమిషాలు ఆడి చూడండి, తొడలు మండిపోతాయి. మన పిల్లలూ ఆ గుంపులో కలిసి ఆడొచ్చు.

గంజాం జిల్లాలో మగపిల్లలు అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది: బరువులు ఎత్తొచ్చా? ఈ జిల్లా నుంచే వెళ్ళి 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం తెచ్చిన కటులు రవికుమార్ ఉన్నాడు కాబట్టి ఆ మోజు సహజం. బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందన్నది నిజం కాదు. తెలిసిన కోచ్ పక్కన ఉండి, తేలిక బరువులతో, పద్ధతి నేర్పిస్తే మంచిదే. ఎవరెక్కువ ఎత్తుతారో అన్న పందెం మాత్రం ఈ వయసులో వద్దు. ప్రోటీన్ పొడి డబ్బాలు అసలే వద్దు.

ఏప్రిల్ వచ్చిందంటే ఇక్కడ చాలా బడులు పొద్దుటి పూటకి మారతాయి. పదకొండుకల్లా పిల్లలు ఇంట్లో ఉంటారు, బయట నిప్పులు. సాయంత్రం దాకా ఫోను, ఫ్రిజ్. బరువు దూకేది ఈ రెండు నెలల్లోనే. ఆ మధ్యాహ్నాలకి ముందే ఏర్పాటు చేసుకోండి: ఇంట్లో ఆడే క్యారమ్స్, అష్టాచెమ్మా, ఒక గంట నిద్ర, ఐదున్నర తర్వాత గ్రౌండు.

ఇంకో జాగ్రత్త. ఆయాసం అంతా కొవ్వు వల్లే అనుకోకండి. రక్తహీనత వల్ల కూడా వస్తుంది, లావుగా ఉన్నవాళ్ళకీ రక్తం తక్కువ ఉంటుంది. ఒడిశాలోని చాలా గిరిజన ప్రాంతాల్లో సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు) కూడా ఉంది. ఇంట్లో ఎవరికైనా ఉంటే ముందు పరీక్ష చేయించి, డాక్టరుని అడిగాకే ఎండలో గట్టి ఆటలు.

8. అమ్మాయి పెద్దమనిషి అయ్యాక

ఈ సంగతి విడిగా చెప్పాలి. చిమ్మిలి ఉండలు, అరిసెలు, నెయ్యి అన్నం, కదలకుండా కూర్చోబెట్టడం. ఆ కొన్ని రోజుల వేడుకతో ఏమీ కాదు. ఆ తర్వాత సైకిలు మూలన పడి, గ్రౌండుకి వెళ్ళడం ఆగిపోవడంతోనే అసలు నష్టం. "ఇంకేం ఆటలు" అన్న నాయనమ్మ మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. మీరు చెప్పండి. నెలసరిలో కూడా ఒంట్లో బాగుంటే ఆడొచ్చు. వెళ్ళడానికి మొహమాటం, భయం ఉంటే నలుగురు అమ్మాయిల్ని కూడగట్టి, ఒక తల్లి తోడుగా వెళ్ళండి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర మింగించండి. నులిపురుగుల మాత్ర వేసే రోజు బడి మాన్పించకండి.

9. నిద్ర

పన్నెండేళ్ళ దాకా 9 నుంచి 12 గంటలు, పదమూడు దాటితే 8 నుంచి 10. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదికే మనసు పోతుంది. రాత్రి తొమ్మిదింటికి ఇంట్లో ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగుకి. నాన్న ఫోను కూడా. అది మినహాయిస్తే ఈ రూలు మూడు రోజులు కూడా నిలవదు.

10. రెండు పండగల క్యాలెండర్లు

మన ఇళ్ళకే ఉన్న చిక్కు ఇది. సంక్రాంతికి అరిసెలు, జంతికలు మనవి. రజో పండక్కి పొడొ పిఠా, కుమార పున్నమికి చందు చకటా పక్కింటివి. ఠాకురాణీ జాత్రొ (అమ్మవారి జాతర) జరిగే ఏడాది బరంపురంలో వీధి వీధినా తిండే. రెండువైపులా పండగలు చేసుకునే భాగ్యం వదులుకోవద్దు. పండగ రోజు కడుపారా తిననివ్వండి, లెక్కపెట్టకండి. డబ్బాల్లో నిండి నెల్లాళ్ళు నడిచే మిగులే హాని. చేసేదే సగం చెయ్యండి, మిగిలింది మూడోరోజుకల్లా పంచెయ్యండి. రజోకి కట్టే ఉయ్యాల మాత్రం వారం ముందే కట్టి, వారం తర్వాత విప్పండి.

11. డాక్టరు దగ్గరికి ఎప్పుడు

మెడ వెనక, చంకల్లో నల్లగా, ముఖమల్‌లా మందంగా మారితే అది మట్టి కాదు. నలుగు పెట్టి రుద్దితే పోదు. ఇన్సులిన్ సరిగా పని చెయ్యట్లేదనడానికి అది గుర్తు. నిద్రలో గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టవడం, అతిదాహం, మాటిమాటికీ మూత్రం, తరచూ తలనొప్పి, నెలసరి మూడు నెలలకి పైగా రాకపోవడం. వీటిలో ఏది కనిపించినా వెళ్ళండి. తుంటి లేదా మోకాలు నొప్పితో కుంటుతుంటే అదే రోజు చూపించండి, తుంటి ఎముక జారి ఉండొచ్చు. లావుగా ఉండి ఎత్తు కూడా పెరగకపోతే థైరాయిడ్ పరీక్ష అవసరం. ఎత్తు బాగా పెరుగుతున్న పిల్లాడికి ఆ అనుమానం తక్కువ.

బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం) బృందం రాసిచ్చిన కార్డు పారెయ్యకండి. జిల్లా ఆసుపత్రిలో కౌమార పిల్లల కోసం శ్రద్ధా క్లినిక్ ఉంటుంది, అక్కడ అడగండి. పెద్ద పరీక్షలకి బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్‌లో ఇంకో మెడికల్ కాలేజీ ఉన్నాయి. చాలామంది శ్రీకాకుళమో విశాఖో వెళ్తారు. అలా వెళ్ళేటప్పుడు మీ కొలతల కాగితం, పాత రిపోర్టులు పట్టుకెళ్ళండి. రాష్ట్రం మారినప్పుడల్లా అవే పరీక్షలు మళ్ళీ చేయించే ఖర్చు తప్పుతుంది. బీపీ, పరగడుపు షుగరు, కొలెస్ట్రాల్, కాలేయం పరీక్ష అడుగుతారు. పరీక్ష లేకుండా ఎవరైనా థైరాయిడ్ మాత్ర రాసినా, సన్నబడే పొడి అంటగట్టినా తీసుకోవద్దు.

ఆరు నెలలు ఇవన్నీ చేశాక కూడా నడుము ఎత్తులో సగానికి పైనే ఉండి, బీఎంఐ కిందికి దిగకపోతే, ఏ లక్షణం లేకపోయినా ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి.